బాల్కనీకి నాలుగు వందలు

ఇన్నాళ్ళూ ఇవేవీ రాయకపోవడానికి కారణం తీరిక లేక కాదు, రాయడం రాక. చిన్నప్పుడు బడికి పంపలేదా అని ఇప్పుడు అందరూ అడుగుతారు. పంపారు. మాది పామర్రు దగ్గర పల్లె. అక్కడి బడికి నేను రెండేళ్ళు వెళ్ళాను. పొద్దున్నే వెళ్ళగానే మేష్టారు నా చేతికి చీపురు ఇచ్చేవారు. "నువ్వు ఊడిస్తే అద్దంలా ఉంటుందే" అనేవారు. ఆ మెప్పుకి పొంగిపోయి గది, వరండా, జెండా కర్ర చుట్టూ ఉన్న జాగా అంతా ఊడ్చి, నీళ్ళు చల్లి, మంచినీళ్ళ కుండ నింపి లోపలికి వచ్చేసరికి మిగతా పిల్లలు పలకల మీద రెండక్షరాలు ముందుకి వెళ్ళిపోయేవాళ్ళు. నేను వాళ్ళని అందుకునేలోపు మర్నాడు మళ్ళీ చీపురు. రెండేళ్ళలో నాకు బాగా వచ్చిన విద్య ఊడవడం ఒక్కటే. తర్వాత అమ్మ వెంట నాట్లకి చేలో దిగాను. మేష్టారి మీద నాకు కోపం లేదు. ఆయన నేర్పిన ఆ విద్యతోనే ఇన్నేళ్ళూ అన్నం తిన్నాను.

పెళ్ళయ్యాక హనుమాన్ జంక్షన్‌లో కాపురం. మా ఆయన లారీ క్లీనరు. తర్వాత విజయవాడ వచ్చేశాం, నేను ఇళ్ళల్లో పనికి కుదిరాను. మీ ఇంట్లో ఇద్దరూ క్లీనర్లేనా అని ఎవరైనా నవ్వితే, "పేరు ఆయనది, కడగడం నాది" అనేదాన్ని. లారీ క్లీనరు లారీ వెనక నిలబడి "రానీ, రానీ, రైట్" అనడమే గానీ ఆయన ఏనాడూ ఒక గ్లాసు కడిగి బోర్లించింది లేదు.

అక్షరాలు నాకు యాభై ఒకటో ఏట వచ్చాయి. నేర్పింది మా చర్చి పాస్టరమ్మగారు. ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి దిద్దించేవారు. తొందరగా పట్టుకున్నానని ఆవిడ ఆశ్చర్యపోయారు గానీ అందులో నా తెలివేమీ లేదు. అంతకుముందు ఆరేళ్ళు నేను గవర్నర్‌పేటలో షాపుల బోర్డులు తుడిచాను. ఫ్లెక్సీలు కాదు, గోడ మీంచి బయటికి పొడుచుకుని ఉండే పెద్ద పెద్ద అక్షరాలు. నిచ్చెనెక్కి ఒక్కో అక్షరాన్నీ గుడ్డతో తుడవాలి. చదవడం రాకపోయినా, ఏ అక్షరం ఎక్కడ వంపు తిరుగుతుందో, దేనికి ఎక్కడ పొట్ట ఉంటుందో, ఏ మూల దుమ్ము దాక్కుంటుందో నా వేళ్ళకి తెలుసు. పాస్టరమ్మగారు పలక మీద 'జ' రాసి చూపించగానే, "అమ్మో, ఇదా! దీని మెలికలో సాలీడు గూడు పెడుతుందండీ" అన్నాను. ఆవిడ నవ్వాపుకోలేకపోయారు.

వత్తులు మాత్రం ఎంతకీ రాలేదు. దానికీ కారణం బోర్డులే. వత్తులు అక్షరాల అడుగున ఉంటాయి. నిచ్చెన మీంచి అంత కిందికి వంగితే పడతానని భయపడి, వాటిని చీపురు చివరతో అలా అలా అని వదిలేసేదాన్ని. అప్పుడు వదిలేసినవే ఇప్పుడు చదువులోనూ వదిలిపోయాయి. అంకెల సంగతి వేరు. బస్సు నంబర్లు, ఫోను నంబర్లు, నోట్లు, ఇవి నాకు ఎప్పటినుంచో వచ్చు.

బోర్డుల పని తగ్గాక నేనూ మా తోడికోడలూ కలిసి సొంతంగా ఒక పని మొదలుపెట్టాం. తోడికోడలంటే మా మరిది భార్య. నాకన్నా పన్నెండేళ్ళు చిన్నది, నోరు మాత్రం నాకన్నా పన్నెండు రెట్లు పెద్దది. ఇల్లు మొత్తం పైనుంచి కిందిదాకా ఒక్క రోజులో శుభ్రం చేసి ఇవ్వడం మా పని. డీప్ క్లీనింగ్ అంటున్నారు దాన్ని. రంగులు వేయించాక, అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేశాక, ఇంట్లో వ్రతమో ఫంక్షనో ఉంటే ముందూ మమ్మల్ని పిలుస్తారు. ఒక నిచ్చెన, నాలుగు బకెట్లు, బ్రష్షులు, పాత దిండు గలీబులు, మేమిద్దరం. ఇదే మా కంపెనీ. ఒకళ్ళు నిచ్చెనెక్కితే ఇంకొకళ్ళు కింద పట్టుకోవాలి. అందుకని ఇద్దరిలో ఒకరు లేకపోతే కంపెనీ లేదు.

మరకల్లో రకాలున్నట్టే మనుషుల్లోనూ రకాలుంటాయి. ఒక లాడ్జి మేనేజరు గదికింత అని మాట్లాడుకుని, పని అంతా అయ్యాక, "ఆ మూడు గదులూ నెలనుంచి ఖాళీగానే ఉన్నాయి, వాటిలో మురికెక్కడిది?" అన్నాడు. ఇంకో పెద్దాయన మేము చకచకా పని ముగిస్తే, "రెండు గంటల్లో అయిపోయిన పనికి అంత డబ్బా!" అని సగం కోశాడు. అప్పట్నుంచి మేం తొందరగా అయిపోయినా బాత్రూంలో పంపు తిప్పి, తలుపేసుకుని, బోర్లించిన బకెట్ల మీద కాసేపు కూర్చుని కబుర్లు చెప్పుకుని బయటికి వచ్చేవాళ్ళం. "పాపం, ఎంత కష్టపడ్డారో" అని మజ్జిగ కూడా ఇచ్చేవాళ్ళు.

అయితే మమ్మల్ని ఎక్కువ ముంచినవి కోపంగా అన్న మాటలు కావు. రెండు తియ్యటి మాటలు. ఒకటి 'పనిలో పనిగా'. రెండోది 'మనలో మనకి'. ఇల్లంతా ఇంతకి అని మాట్లాడుకుంటాం. సగం పనిలో ఉండగా, "పనిలో పనిగా ఆ అటక కూడా దులపమ్మా" అంటారు. "పనిలో పనిగా ఆ కిటికీ ఊచలు కూడా." సాయంత్రానికి ఒక ఇంటి పని ఒకటిన్నర ఇళ్ళ పని అవుతుంది. డబ్బు సంగతి ఎత్తితే, "మనలో మనకి ఈ లెక్కలేంటమ్మా, నువ్వు మా ఇంటి మనిషివి కాదూ?" ఇంటి మనిషి అన్నాక ఇంకేం మాట్లాడతాం?

ఈ రెండు మాటలూ కలిపి వాడడంలో ఒక మేడంని మించినవాళ్ళు లేరు. నలభై ఏళ్ళుంటాయి. నన్ను అక్కా అని పిలిచేది, అదీ సొంత చెల్లెలు పిలిచినంత ప్రేమగా. కిందటేడాది దసరా ముందు వాళ్ళ అద్దె ఇంట్లో పని చేశాం. చివర్లో నాలుగు వందలు తక్కువిచ్చి, "చిల్లర లేదక్కా, రేపొచ్చి తీసుకో" అంది. ఆ రేపు మంగళవారం. "మంగళవారం ఇంట్లోంచి డబ్బు బయటికి ఇవ్వకూడదక్కా." గురువారం సాయంత్రం వెళ్ళాను. "అయ్యో, ఇప్పుడే దీపాలు పెట్టాను. దీపాలు పెట్టాక లక్ష్మిని బయటికి పంపకూడదు." మర్నాడు శుక్రవారం, ఇక చెప్పనే అక్కర్లేదు. శనివారం తాళం. నేను ఎవరి పట్టింపునీ తప్పు పట్టను. లక్ష్మీదేవి తమ ఇంట్లోనే ఉండాలని ఎవరికుండదు? ఆవిడ మా ఇంటికి రావడానికి వారంలో రోజులు దొరకడమే కష్టమైంది. నాలుగుసార్లు తిరిగాక, ఆటోలకే సగం పోయిందని వదిలేశాను.

ఆ మేడం ఈ మధ్య మళ్ళీ ఫోన్ చేసింది.

"అక్కా, బాగున్నావా? మేం సొంత ఫ్లాట్ కొనుక్కుని వచ్చేశాం. వచ్చేవారం వ్రతం పెట్టుకున్నాం. నువ్వు తప్ప ఈ ఇంటిని బాగుచేసేవాళ్ళు లేరక్కా."

నేను సరే అనేసరికి పక్కనే ఉన్న మా తోడికోడలు నెత్తి కొట్టుకుంది.

"మళ్ళీ ఆవిడ దగ్గరికా? ఆ నాలుగొందలు చాల్లేదా నీకు?"

"ఈసారి కాగితం పెడతానే" అన్నాను. అక్షరాలు వచ్చాక నేను వేసిన మొదటి ఎత్తు అది. పని మొదలుపెట్టే ముందే ఏమేం చేస్తామో, ఎంతకో కాగితం మీద రాయడం. మధ్యలో ఏదైనా కలిపితే అదీ రాయడం.

"కాగితాలు చూపిస్తే ఇంకెవరూ పిలవరక్కా. వీళ్ళేదో ఆఫీసు పెట్టారంటారు." ఆమె బకెట్లన్నీ ఒకదాన్లో ఒకటి సర్దింది. తర్వాత నెమ్మదిగా అంది. "చూడు, నేను చెప్పేస్తున్నాను. క్యాటరింగ్ వాళ్ళు గిన్నెలు కడగడానికి రమ్మంటున్నారు. తక్కువే గానీ, ఏ రోజుది ఆ రోజు చేతిలో పెడతారు. నీ కాగితం ఆవిడ దగ్గర పని చేసిందా, నీతో ఉంటా. చెయ్యలేదా, అటు పోతా. ఇంక తిరగలేను."

ఆమె తప్పు లేదు. పనికి తగ్గ డబ్బు రాని రోజు ఆమె ఇంట్లో ఎంత మాట పడుతుందో నాకు తెలుసు. మా మరిది లెక్క అడిగే మనిషి. ఆమె పోతే నా నిచ్చెన పట్టేవాళ్ళుండరు. నా కంపెనీ ఆ ఒక్క కాగితం మీద నిలబడింది.

గురువారం పొద్దున్నే వెళ్ళాం. మూడో అంతస్తు. నేను తెల్లకాగితం మీద ముందే రాసుకొచ్చాను. రాత్రంతా వత్తులున్న మాటల్ని తప్పించుకోవడమే సరిపోయింది. వంటిల్లు రాయలేక వంట గది అన్నాను. స్నానాల గదులు రాయలేక తానాల గదులు అన్నాను. హాలు, రెండు గదులు, వంట గది, తానాల గదులు రెండు, 3000. అది మేడంకి చదివి వినిపించాను.

"మేడం, ఇందులో ఉన్నది చేస్తామండీ. లేనిది చెప్తే, రాసుకుని చేస్తాం. కాగితంలో ఉన్నదే లెక్క."

మేడం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "అబ్బో! అక్క చదువుకుంది! మనలో మనకి కాగితాలేంటక్కా, నీ మాట కాదంటానా?"

"మీరు కాదనరండీ, నేనే మర్చిపోతాను. వయసొస్తోంది కదా" అని ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపు మీద మామిడిపండు బొమ్మ అయస్కాంతం కింద పెట్టాను. పెన్సిలు కొప్పులో దోపుకున్నాను.

పని మొదలైంది. చిమ్నీ జాలీలు సోడా కలిపిన వేడినీళ్ళలో నానబెట్టాం. ఫ్యాన్ రెక్కలకి దిండు గలీబు తొడిగి లాగాం, దుమ్ము కింద పడకుండా గలీబులోనే ఉంటుంది. బాత్రూం టైల్స్ మీద బోరు నీళ్ళ ఉప్పు తెల్లగా అట్టలు కట్టింది. దాన్ని బ్రష్షుతో రుద్దుతుంటే మా తోడికోడలు ఎవరినో తిట్టుకుంటోంది, బహుశా నన్నే. పదకొండింటికి మేడం వచ్చింది.

"అక్కా, పనిలో పనిగా ఆ అటక మీద సామాన్లు దించి తుడిచేస్తారా?"

"అలాగేనండీ" అని నేను ఫ్రిజ్ దగ్గరికి నడిచాను. కొప్పులోంచి పెన్సిలు తీశాను. 'అటక' రాశాను. దానికి వత్తు లేదు, మహా సుఖం. పక్కన 300 వేశాను. మేడం నా వెనకే నిలబడి చూసింది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక మళ్ళీ వచ్చింది. "పనిలో పనిగా ఆ బాల్కనీ కూడా కాస్త చూడక్కా. పావురాలు పాడు చేసి పెట్టాయి."

కాస్త అంది గానీ, తలుపు తీసి చూస్తే నేల కనిపించలేదు. పాత కూలరు వెనక పావురాలు రెండు మూడు సంసారాలు నడిపి వెళ్ళినట్టున్నాయి. రెట్ట ఎండి సిమెంటులా గట్టిపడింది. గీరాలి, నానబెట్టాలి, మళ్ళీ గీరాలి. ఇద్దరికీ రెండు గంటల పని. నేను ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళాను. బాల్కనీ అన్న మాట దగ్గర చెయ్యి ఆగింది. దానికి వేరే మాట తట్టలేదు. ఎలాగో రాశాను. "నాలుగొందలండీ" అన్నాను. ఎందుకు నాలుగు వందలే అన్నానో చెప్పలేను. ఆ మేడం మొహం చూస్తే నాకు ఆ అంకే నోటికొస్తుంది మరి. మేడం "ఊఁ" అంది.

ఇంకో గంటకి వచ్చి, "అక్కా, పనిలో..." అని ఆగి, నా కొప్పు వైపు చూసి, "ఏం లేదులే" అని వెళ్ళిపోయింది. ముక్కుకి గుడ్డ కట్టుకుని రెట్ట గీరుతున్న మా తోడికోడలు ఆ గుడ్డలోంచే నవ్వింది. పొద్దుట్నుంచీ ఆమె నవ్వడం అదే మొదలు.

ఐదింటికి పని పూర్తయింది. అసలు పని అప్పుడు మొదలైంది. మేడం ఒక్కో గదీ చూడడం మొదలుపెట్టింది. కుర్చీ వేసుకుని ఫ్యాన్ పైభాగాన్ని వేలితో రాసి చూసుకుంది. చిమ్నీ దగ్గర వాసన చూసింది. "ఇక్కడింకా జిడ్డుందేమో అక్కా" అంటే మళ్ళీ తుడిచాం. "టీ తాగి వెళ్దురుగాని" అని పాలు పొయ్యి మీద పెట్టింది, మంట ఎంత సన్నగా పెట్టిందంటే ఆ పాలు వ్రతం రోజుకి పొంగేలా ఉన్నాయి. కిటికీలోంచి ఎండ ఎర్రబడడం కనిపిస్తోంది.

మా తోడికోడలు నా చెవిలో అంది. "అక్కా, పొద్దు వాలుతోంది. ఇంకో పావుగంటలో దీపాలు పెడుతుంది. రేపు శుక్రవారం."

నాకు తెలుసు. నాకు కాళ్ళు లాగేస్తున్నా మనసంతా ఆ దేవుడి గది తలుపు మీదే ఉంది. మేడం ఆ వైపు రెండడుగులు వేసినప్పుడల్లా నేను కిటికీలోంచి ఎండ చూసుకున్నాను.

సరిగ్గా అప్పుడు సార్ వచ్చారు. గవర్నర్‌పేటలో ప్లాస్టిక్ సామాన్ల హోల్‌సేల్ వ్యాపారం ఆయనది. రోజంతా బిల్లులు చూసే మనిషి. చెప్పులు విప్పి, మెరుస్తున్న గచ్చు మీద అడుగు వెయ్యాలా వద్దా అని ఆలోచించి, మునివేళ్ళ మీద లోపలికి వచ్చారు.

"ఇల్లు భలే చేశారమ్మా! ఎంతయింది?"

"మూడు వేలు ఇచ్చెయ్యండి. మిగతాది మనలో మనం చూసుకుంటాం, కదక్కా?" అంది మేడం.

"కాగితం ఉందండీ" అన్నాను నేను. నా గొంతు నాకే వినిపించలేదు. మా తోడికోడలు మాత్రం గట్టిగా, "ఫ్రిజ్ మీదుందండీ! కాగితంలో ఉన్నదే లెక్కండీ!" అంది.

సార్‌కి కాగితం అనగానే మొహం వెలిగింది. కళ్ళజోడు పెట్టుకుని, బిల్లు చదివినట్టే పైకి చదివారు. "హాలు. రెండు గదులు. వంట గది. తానాల గదులు రెండు... తానాలా? సరే. మూడు వేలు. అటక, మూడు వందలు. బాకీ, నాలుగు వందలు." ఆగారు. "బాకీ ఏంటి?"

నేను నోరు తెరిచేలోపే మేడం అందుకుంది.

"అది ఎప్పుడో పోయినేడు దసరా సంగతండీ! చిల్లర లేక ఆగింది గానీ ఎగ్గొట్టానా నేను? చూడక్కా, మనసులో పెట్టుకుని ఇప్పుడు తెచ్చి ఇందులో రాస్తావా?"

సార్ కళ్ళజోడు పైనుంచి ఆవిడ వైపు చూశారు. "దసరాదా? అప్పుడు నేను మొత్తం లెక్కపెట్టి నీ చేతికిచ్చాను కదా?"

నాకు ఏం జరుగుతోందో కాసేపు అర్థం కాలేదు. నేను బాకీ గురించి రాయలేదే? అప్పుడు సార్ చేతిలో కాగితం వైపు చూశాను. తెలిసింది. 'బా' రాశాను. ల కింద క వత్తు పెట్టడం రాక ల-ని వదిలేశాను. క రాశాను. చివర్లో దీర్ఘం ఉండాలని గుర్తుంది, ఆ దీర్ఘాన్ని తీసుకెళ్ళి క మీద పెట్టాను. న సంగతి మర్చేపోయాను. బాల్కనీ కాస్తా బాకీ అయి కూర్చుంది.

"సరే, బాకీ బాకీయే" అన్నారు సార్. "ముప్ఫై ఏడు వందలు."

"మరి బాల్కనీకండీ?" అంది మా తోడికోడలు. పాపం, ఆమెకి చదవడం రాదు.

"బాల్కనీ ఇందులో ఎక్కడుందమ్మా? కాగితంలో ఉన్నదే లెక్క అని మీరే అన్నారు."

అదీ నా పరిస్థితి. అది బాకీ అంటే పావురాల రెట్ట ఉచితంగా గీరినట్టు. బాల్కనీ అంటే దసరా డబ్బు మళ్ళీ పోయినట్టు. ఏదైనా నాలుగు వందలే కదా, నోరు మూసుకుంటే సరిపోతుంది అనిపించింది. మా తోడికోడలికి విషయం తెలియకపోయినా నా నడుం గిల్లుతూనే ఉంది. కానీ నేను రాసింది ఒకటి, తీసుకునేది ఒకటి అయితే, రేపు ఇంకో ఇంట్లో ఏ మొహంతో ఆ కాగితం పెడతాను?

"సార్, అది బాకీ కాదండీ" అన్నాను. "బాల్కనీ అండీ. నేను అక్షరాలు ఈ మధ్యే నేర్చుకున్నాను. వత్తులు ఇంకా రాలేదు."

సార్ కాగితాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నారు. దూరంగా పెట్టుకున్నారు. తర్వాత పొట్ట ఊగేలా నవ్వడం మొదలుపెట్టారు. మేడం మొహం కందగడ్డలా అయింది. ఆవిడ చటుక్కున దేవుడి గదిలోకి వెళ్ళి, "దీపాలు పెట్టే వేళయింది, నేను దీపం పెడుతున్నాను" అంది. అగ్గిపెట్టె చప్పుడు వినిపించింది.

"ఆ అగ్గిపెట్టె కింద పెట్టు ముందు" అన్నారు సార్, నవ్వుతూనే. "బాల్కనీ కాగితంలో ఉంది. బాకీ నీ నోట్లోంచే వచ్చింది. రెండూ ఇవ్వాల్సిందే. ఇవాళ్టిది నేనిస్తా. దసరాది నువ్వే ఇవ్వు. పోపులడబ్బా తియ్యి."

ఆవిడ అగ్గిపెట్టె కింద పెట్టింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, పోపులడబ్బా అడుగు గిన్నె లేపి, మడతలు పెట్టిన నోట్లు తీసుకొచ్చింది. నాలుగూ వందలే. ఇంగువ వాసన.

"మీకీ డబ్బా సంగతి ఎలా తెలుసు?" అని ఆయన్ని అడిగింది మెల్లిగా.

"నీ నోట్లు కొట్లోకొస్తే ఘుమఘుమలాడతాయి. గుమాస్తా కూడా కనిపెట్టేశాడు."

ఈసారి ఆవిడకే నవ్వొచ్చింది. ఆపుకుందామని చూసింది గానీ ఆగలేదు. నా చేతిలో నోట్లు పెట్టి, సార్ జేబులోంచి పెన్ను లాక్కుని, ఆ కాగితం మీదే, నా బాకీ పక్కన, పెద్ద అక్షరాలతో బాల్కనీ అని రాసింది.

"చూడక్కా. ముందు ల. దాని కిందికి ఇలా క వత్తు. తర్వాత నీ. ఇది నేర్చుకో. మళ్ళీ ఎవరి కొంపా ఇలా ముంచకు."

"ఇంకోసారి రాయించండి మేడం" అన్నాను. నా చెయ్యి పట్టుకుని రాయించింది. ఆవిడ చెయ్యి చల్లగా, మెత్తగా ఉంది. నా చెయ్యి సోడాకి పగిలి గరుగ్గా ఉంది. ఆవిడ అది గమనించినట్టుంది. వెళ్ళేటప్పుడు కొబ్బరినూనె సీసా ఒకటి సంచిలో వేసింది. అది కాగితంలో లేదు.

దీపం పెట్టకముందే మేం గడప దాటాం. ఆటోలో నిచ్చెన అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాక, జరిగిందంతా మా తోడికోడలికి విడమరిచి చెప్పాను. ఆమె విని విని, ఆటో అతను వెనక్కి తిరిగి చూసేలా అరిచింది.

"వరండా అని రాసి చావొచ్చు కదక్కా! దానికి వత్తు లేదుగా!"

అప్పటిదాకా నాకు ఆ మాట తట్టలేదు. ఇద్దరం నిచ్చెన పట్టుకుని నవ్వుకున్నాం. మూడో అంతస్తులో ఉన్నదాన్ని వరండా అని ఎవరంటారు గానీ, నిజమే, అలా రాసి ఉంటే పని జరిగిపోయేది. దసరా డబ్బు మాత్రం వచ్చేది కాదు. ఆమె వాటా ఆమె చేతిలో పెట్టాను. నోట్లు ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, రవికలో దోపుకుంది. "రేపు?" అన్నాను. "చూద్దాంలే" అంది. ఆ 'చూద్దాంలే'తో నాకు సగం రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు పొద్దున్న, పనికి వెళ్ళడానికి మా సందు మలుపు దగ్గరికి వచ్చేసరికి, నాలుగు బకెట్లు ఒకదాన్లో ఒకటి పెట్టి బోర్లించి, వాటి మీద కూర్చుని, టీ తాగుతూ ఆమె ఉంది.

"ఎంతసేపక్కా? వత్తులు దిద్దుకుంటున్నావా?" అంది.

ఆ రోజు పని ఇంకో అపార్ట్‌మెంట్‌లో. ముందుగా నేను ఆ ఇంటి బాల్కనీలోకి వెళ్ళాను. నేల మీద సబ్బునీళ్ళు పోసి చీపురుతో నురగ లేపాను. వంగి, చూపుడు వేలితో ఆ నురగలో రాశాను. బా. ల, దాని కిందికి క వత్తు. నీ. కింద ఉన్న వత్తుని ఈసారి వదల్లేదు. నిలబడి ఒకసారి చదువుకున్నాను.

ఆమె వెనకనుంచి వచ్చింది. "ఏంటా గీతలు?"

"బాల్కనీ."

"చాల్లే సంబరం. పనిలో పనిగా నా పేరు కూడా రాయి."

"దానికి వేరే లెక్క" అన్నాను. ఆమె పేరులో రెండు వత్తులున్నాయి. రాశాను. మొదటిది సరిగ్గా వచ్చింది, రెండోది తప్పు పోయింది. ఒక చెంబు నీళ్ళు పోసి, మళ్ళీ నురగ లేపి, మళ్ళీ రాశాను.